తలుపు మూసినవాళ్లు

నమోదు 1. రేవతి కార్తె

మా అక్క నిద్రపోయిందని చెప్పే నివేదిక కింద సంతకం చేబ్రోలు మార్తాండరావుది. ఆయన పడిపోవడం నేను కళ్లారా చూడాలి. ఈ దినచర్య మొదలుపెట్టింది అందుకే.

చేత్తో రాస్తున్నాను. సంస్థలో ఏ మాట రాసినా మెత్తన గుండా పోవాల్సిందే. మెత్తన అంటే మా రాతల్ని సరిచేసే యంత్రం. "పంపు పనిచెయ్యడం లేదు" అని రాస్తే "పంపు పనితీరు మెరుగుపడే దశలో ఉంది" అని అవతలికి వెళ్తుంది. నా పగను దాని నోట్లో పెట్టడం నాకిష్టం లేదు.

నా పేరు కట్టా ఎస్తేరురాణి. ప్రపంచ చలువ సంస్థ మాచర్ల కేంద్రంలో, మూల్యాంకన విభాగంలో పని. ఎండ మనుషుల్ని చంపే దేశాలన్నిటిలోనూ ఈ సంస్థ భూమి లోపల చలువిళ్లు కట్టింది. మా పల్నాటిలో పాత నాపరాయి గనులన్నీ ఇప్పుడు చలువిళ్లే. పొద్దు నెత్తికెక్కకముందే ఊరు ఊరంతా చాపలు, అంబలి కుండలు, చంటిపిల్లలతో లోపలికి దిగుతుంది. ఎండ వాలాక పైకొచ్చి పొలం పని, వంట పని చూసుకుంటుంది. ఆ ఇళ్లు సరిగా నడుస్తున్నాయో లేదో చూసి రాయడం మా విభాగం పని. మేం రాసింది మొదట చదివేది ఆ ఇళ్లు నడిపే సంచాలకుడు. మా జీతం, బదిలీ, సెలవు ఆయన చేతిలోనే. కూర బాగుందా అని వంటవాడినే అడిగి రాసుకోవడం లాంటిది మా ఉద్యోగం. ఆ సంచాలకుడే మార్తాండరావు.

ఆరేళ్ల కిందట రోహిణి కార్తెలో గుండ్లమడుగు చలువిల్లు ఆగిపోయింది. కరెంటు పోయింది. చల్లదనం బయటికి పోకుండా దానంతటదే బిగుసుకునే తలుపు తెరుచుకోలేదు. ముప్పైమంది లోపలే పోయారు. ఆ ఇంటి కాపరి మా అక్క సువార్త. కాపరి నిద్రపోవడం వల్ల ప్రమాదం జరిగిందని సంస్థ తేల్చింది. పోయినవాళ్లలో ఆమె కూడా ఉంది కాబట్టి కాదనడానికి ఎవరూ లేరు. మిగతా పోయినవాళ్ల చుట్టాలు మా బావ ఇస్సాకు ఇంటి గోడ మీద పేడ కొట్టారు.

ఇందులో రహస్యమేమీ లేదు. కరెంటు లేకపోయినా తెరుచుకునేట్టు తలుపుకు చేత్తో తిప్పే పిడి పెట్టాలని ప్రమాదానికి ముందే మా విభాగంవాళ్లు రాశారు. మార్తాండరావు దాన్ని తిప్పి పంపాడు. క్యాంటీన్‌లో టీ పోసే మనిషికి కూడా ఈ సంగతి తెలుసు. ఆ మాట పైకి చెప్పే కుర్చీ ఒక్కటి సంస్థ మొత్తంలో లేదు, అంతే.

అందుకే ఇక్కడ చేరాను. నా పెళ్లి నిలవలేదు, ఇంటిపేరు మాత్రం నిలిచింది. ఆ ఇంటిపేరు చాటున నేనెవరో ఎవరికీ తెలియదు.

నమోదు 2. అశ్విని కార్తె

ఈ రోజు ఎర్రబోడు వెళ్లొచ్చాం. మేం వస్తున్నామని వారం ముందే కబురు వెళ్తుంది. అందుకని చలువింటి మెట్లు కడిగి ముగ్గులు పెట్టారు. కాపరి ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడ్డాడు. లోపల గాలి బాగుంది. మా బృందం నాయకుడు తల ఊపుతూ రాసుకున్నాడు.

మేం లోపలినుంచి బయలుదేరబోతుంటే కరెంటు పోయి తలుపు బిగుసుకుంది. కాపరి మీట నొక్కుతూనే ఉన్నాడు. లోపలి గాలి ఆగిపోయింది. ముందు పిల్లలు ఏడవడం మొదలుపెట్టారు, తర్వాత ఏడుపు మానేసి వాంతులు చేసుకున్నారు. నేను తలుపుకు చెవి ఆనించి నిలబడ్డాను. అక్క కూడా ఇలాగే నిలబడి ఉంటుందనుకున్నాను. కాసేపటికి కరెంటు తిరిగొచ్చి తలుపు తెరుచుకుంది. ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు.

తిరిగొచ్చి ఉన్నదున్నట్టు రాశాను. "పిల్లలు ఊపిరాడక వాంతులు చేసుకున్నారు" అన్న నా మాట "చిన్నారుల నుంచి విలువైన స్పందన అందింది" అయి వెళ్లింది.

ఇంకా భరణి రాలేదు. అప్పుడే తలుపులు బిగుసుకుంటున్నాయి. రోహిణికి ఏమవుతుందో నాకు తెలుసు, మార్తాండరావుకీ తెలుసు.

నమోదు 3. భరణి కార్తె

సభ్యదేశాల మండలి నుంచి ఒక పరిశీలకురాలు వచ్చింది. పేరు ఫాతూ కులిబాలీ, మాలీ దేశం మనిషి. వాళ్ల దగ్గర కూడా చలువిళ్లున్నాయి, వాళ్ల దగ్గర కూడా జనం పోయారు. ఆమె తన భాషలో మాట్లాడుతుంటే నా చెవిలోని అనువాదం వార్తలు చదివినట్టు తెలుగులో చెబుతుంది. మనిషి ముఖంలో ఏ భావమూ కనపడదు. వచ్చిన మొదటి రోజే మా క్యాంటీన్ భోజనం వద్దంది. తాను పరీక్షించబోయేవాళ్ల ఉప్పు తినదట.

తన పని తనే దిద్దుకునే ఈ పద్ధతి పోవాలని మండలి పట్టుబడుతోంది. మార్తాండరావు ఎదురు చెప్పలేదు. తెలివైనవాడు. తనే ముందుకొచ్చి "స్వతంత్ర మూల్యాంకన విభాగం" అని ఒక ప్రతిపాదన పెట్టాడు. పేరులో స్వతంత్రం ఉంది. లోపల చూస్తే, దాని అధిపతిని సంచాలకుడే నియమిస్తాడు, ఏడాదికోసారి కొనసాగించాలా వద్దా చూస్తాడు, నివేదికను ముందుగా చదువుతాడు. పాత కుక్కకు కొత్త గొలుసు.

సాయంత్రం ఆయన నన్ను పిలిచాడు. బయట మనుషులు మాడిపోయే ఎండల్లో ఆయన గదిలో శాలువా కప్పుకునేంత చలి. నిజంగానే కప్పుకుని కూర్చున్నాడు. నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడాడు. నా రాతల్లో నిజాయితీ ఉందని మెచ్చుకున్నాడు. కొత్త విభాగానికి నన్నే అధిపతిగా వేద్దామనుకుంటున్నానన్నాడు.

బయటికొచ్చాక గోడ పట్టుకుని నిలబడ్డాను.  ఐదేళ్లుగా నేను ఆ మనిషి చుట్టూ తిరుగుతున్నాను. ఇప్పుడు ఆయనే కత్తి తెచ్చి, పిడి నా వైపు తిప్పి ఇస్తున్నాడు.

నమోదు 4. భరణి కార్తె

తెల్లవారగానే గుండ్లమడుగు వెళ్లాను. బావ అప్పటికే క్వారీ అంచున రాయి కొడుతున్నాడు. ఎండ ముదిరేలోగా ఎంత పనైతే అంతే. చలువింట్లో ఇప్పుడాయన అందరికంటే చివరి మూల కూర్చుంటాడు. ఆయన పక్కన ఎవరూ చాప వెయ్యరు.

సంగతంతా చెప్పాను. కుర్చీ ఎక్కిన మర్నాడే గుండ్లమడుగు మీద నివేదిక రాస్తాననీ, అక్క మీది మచ్చ తుడిచేస్తాననీ, ఆ శాలువా మనిషిని బజారులో నిలబెడతాననీ చెప్పాను. బావ సుత్తి పక్కన పెట్టలేదు.

"నీకు కుర్చీ ఇచ్చేటోడు దాని కాళ్లు తన ఇంట్లోనే ఉంచుకుంటాడు రాణీ," అన్నాడు. "నిదానించు."

నాకు మండిపోయింది. పెళ్లాం పోయినవాడికి ఉండాల్సిన కోపం మరదలికెందుకుందో అడిగి వచ్చేశాను. దారంతా పళ్లు కొరుకుతూనే ఉన్నాను.

నమోదు 5. భరణి కార్తె చివర

అంగీకార పత్రం మీద సంతకం పెట్టడానికి పిలిచాడు. కలం తీశాను.

"ఒక్క మాట," అన్నాడు మార్తాండరావు. "మీ అక్కగారి పేరు సువార్త కదా."

కలానికి మూత పెట్టేశాను.

"మీరు చేరిన వారానికే నాకు తెలుసు ఎస్తేరురాణి గారూ. మంచిదే అనుకున్నాను, బాధ తెలిసిన మనిషి శ్రద్ధగా పనిచేస్తుందని. ఇప్పుడు కూడా మంచిదే. రేపు మీరు నా మీద ఏం రాసినా, పాపం అక్కను పోగొట్టుకుంది, ఇంకేం రాస్తుంది అంటారు. నేను అనక్కర్లేదు, వాళ్లే అంటారు."

"మరి ఈ కుర్చీ నాకెందుకు?"

"మీరు కూర్చుంటేనే నాకు భయం లేదు కాబట్టి."

ఆ మాట వెటకారంగా కూడా అనలేదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. ఆలోచించుకోవడానికి గడువు కావాలన్నాను. తప్పకుండా తీసుకోండన్నాడు.

ఇంటికొచ్చి పైకప్పుకు సున్నం వేశాను. నిరుటిది ఎండకు పెచ్చులూడిపోయింది. బకెట్టులో సున్నం కలుపుతూ చేతులు మండేదాకా కలిపాను. నేను పడగొట్టాలనుకున్న మనిషే నన్ను తనకు కాపలా పెట్టుకుంటున్నాడు. నేను కుర్చీ ఎక్కితే నా పగే ఆయనకు గొడుగు. ఎక్కకపోతే ఇంకొకరిని ఎక్కిస్తాడు. బావ చెప్పిన మాట గుర్తొచ్చి బావ మీద ఇంకా కోపమొచ్చింది.

నమోదు 6. కృత్తిక కార్తె

మండలి సమావేశం జరిగింది. గోడల నిండా తెరలు, తెరల నిండా దేశాలు. కాబోయే అధిపతిగా నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. మార్తాండరావు చిరునవ్వుతో నా వైపు చెయ్యి చాపాడు.

రాసేదాన్నే మెత్తన పట్టుకుంటుంది. నోటి మాటను అనువాదం ఉన్నదున్నట్టే అందరి చెవుల్లో వేస్తుంది. ఆ సంగతి ఆయన మరిచిపోయాడో, నాకంత ధైర్యం లేదనుకున్నాడో.

లేచి నిలబడ్డాను.

"నేను గుండ్లమడుగు కాపరి సువార్త చెల్లెలిని. ఈ సంచాలకుడి మీద నాకు పగ ఉంది. ఆ సంగతి తెలిసే ఈయన నన్ను ఎంచుకున్నాడు. నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టకండి. ఈయన చేత్తో ఎవరినీ కూర్చోబెట్టకండి."

తెరలమీద తలలు కదలడం ఆగిపోయింది. నేను ఆగలేదు. అధిపతిని మండలే ఎంచాలన్నాను. ఒక్క పదవీకాలమే ఉండాలి, కొనసాగింపు ఆశ చూపించి ఎవరూ వంచకూడదు. నివేదికను ఏ సంచాలకుడూ ముందుగా చూడకూడదు, ఆపకూడదు, మెత్తనలో వెయ్యకూడదు. అది ఎవరి గురించో వాళ్ల ఊళ్లో, వాళ్ల ముందు, జవాబు చెప్పాల్సిన మనిషిని కూర్చోబెట్టి చదవాలి. ఎర్రబోడు పిల్లల వాంతుల గురించీ చెప్పాను, ఈసారి వాంతులనే మాటతోనే.

ఫాతూ ఒకే ఒక్కటి కలిపింది. పరీక్షకు వెళ్లేవాళ్లు చెప్పి వెళ్లకూడదని. నాకు అది చిన్న విషయంగానే అనిపించింది.

చర్చ రోజంతా సాగింది. మార్తాండరావు తన ప్రతిపాదనను వెనక్కి తీసుకోబోయాడు గానీ అప్పటికే అది ఆయన చేతిలో లేదు. సవరణలతో నెగ్గింది. అధిపతిగా ఫాతూను ఎంచారు. ఆమె మొదటి ఉత్తర్వు తలుపుల గురించి. పిడులు అమర్చేదాకా పల్నాటిలో ఏ చలువింటి తలుపూ మూయకూడదు, చల్లదనం పోతే పోనీ అని.

బయటికొస్తుంటే మార్తాండరావు నా పక్కగా నడిచాడు. మొదటిసారి ఆయన కళ్లలో భయం చూశాను. ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాను.

నమోదు 7. పుష్యమి కార్తె

ఫాతూ గుండ్లమడుగు మీద విచారణ మొదలుపెట్టింది. నన్ను దగ్గరికి రానివ్వడం లేదు. పగ ఉందని నేనే చెప్పుకున్నాను కాబట్టి సాక్షిగా తప్ప ఇంకెలాగూ పనికిరానంది. ఒక రోజు మాత్రం పిలిచి కూర్చోబెట్టింది. అక్క తలుపుకు ఎప్పుడైనా ఏదైనా అడ్డం పెట్టేదా అని అడిగింది. మా అక్క నియమం తప్పే మనిషి కాదని గట్టిగా చెప్పాను. ఆమె రాసుకుంది. మెచ్చుకోలేదు, ఓదార్చలేదు.

ఊళ్లో ఆమెకు మజ్జిగ ఇస్తే వద్దందట. గుండ్లమడుగులో మజ్జిగ వద్దనడమంటే మొహం మీద తలుపు వెయ్యడమే. తన సీసాలో నీళ్లు తాగుతూ, తిరపతమ్మ అనే ముసలామె అరుగు మీద పొద్దంతా కూర్చుందట. తిరపతమ్మ కొడుకూ కోడలూ ఆ రోజు పోయారు. మొదట ఊరు మూతి ముడుచుకుంది. తర్వాత ఒక్కొక్కరే వచ్చి మాట్లాడారు. ఎవరి మజ్జిగా తాగని మనిషి ఎవరి పక్షమూ కాదని వాళ్లకు అర్థమైనట్టుంది.

నాకు మాత్రం ఆమె తీరు నచ్చలేదు. కాస్త కోపమన్నా ఉండాలి కదా మనిషికి.

నమోదు 8. స్వాతి కార్తె

నివేదిక వచ్చింది. చదివాను. మళ్లీ చదివాను.

మార్తాండరావు తప్పు స్పష్టంగా ఉంది. హెచ్చరిక తెలిసీ తిప్పి పంపాడు, ప్రమాదం తర్వాత చనిపోయిన కాపరి మీద తోశాడు. కాపరి నిద్రపోయిందనడానికి ఆధారం లేదని తేలింది. ఆ మాట మొదట ఎవరు చెప్పారో మాత్రం తెలియలేదని రాసింది.

ఆ కింద ఇంకొకటి ఉంది. తలుపు బిగుసుకుంటుందని సువార్తకు తెలుసు. రోజూ గడప దగ్గర ఒక నాపరాయి అడ్డం పెట్టి తలుపు పూర్తిగా మూసుకోకుండా చూసేది. అది నియమానికి విరుద్ధం. ఆ రోజు మూల్యాంకన బృందం వస్తుందని కబురు రావడంతో ఉద్యోగం పోతుందని రాయి తీయించేసింది. ఎండ ఎక్కువగా ఉందని బృందం ఆ రోజు ప్రయాణం మానుకుంది.

మా విభాగం. నేను కూర్చునే గదిలోనుంచే ఆ కబురు వెళ్లింది. పాత బృందంవాళ్ల పేర్లు కూడా నివేదికలో ఉన్నాయి. రోజూ నాతో కలిసి అన్నం తినేవాళ్లు.

ఫాతూ గదికి వెళ్లి అరిచాను. చచ్చినదాని మీద మళ్లీ తప్పు రాస్తావా అన్నాను. ఆమె లేచి తలుపు తీసి, విచారణ గురించి సాక్షితో మాట్లాడకూడదని చెప్పింది. అనువాదం ఆ మాటను ఎంత చక్కగా చదివిందో, దాని గొంతు నొక్కాలనిపించింది.

అక్కడినుంచి బావ దగ్గరికి వెళ్లాను. రాయి సంగతి ఫాతూకు చెప్పింది నువ్వేనా అని అడిగాను.

"నేనే," అన్నాడు. "ఆ రాయి కొట్టిచ్చింది నేనే. ఆ పొద్దు మోసి బయటేసిందీ నేనే. మీ ఆపీసోళ్లు వస్తన్నారు, కనపడితే బాగోదు అని సువార్తే చెప్పింది."

"ఇన్నేళ్లు నాకెందుకు చెప్పలా?"

 బావ చేతులకు పట్టిన రాతి పొడి దులుపుకున్నాడు.

"నువ్వు ఎవుడు చేశాడనే అడిగావు రాణీ. ఏం జరిగిందని ఒక్కనాడూ అడగలా. ఆమె అడిగింది."

ఆ మాట పడిన చోట ఇప్పటికీ నొప్పిగా ఉంది. ఒకటి మాత్రం ఒప్పుకోను. రాయి ఎవరు తీసినా, పిడి ఉంటే అక్క బతికేది. పిడి వద్దన్నది ఆ శాలువా మనిషే.

నమోదు 9. ధనిష్ఠ కార్తె

మండలి మార్తాండరావును పదవి నుంచి తీసేసింది. ఆయన అప్పీలు చేసుకున్నాడు. కొత్త నియమం ప్రకారం గుండ్లమడుగులో నివేదిక చదివే రోజు ఆయన హాజరుకావాలి, లేకపోతే అప్పీలు చెల్లదు.

ఇక్కడి మనిషిని కాబట్టి ఏర్పాట్లు నా మీద పడ్డాయి. షామియానా, కుర్చీలు, బండ్లు. విచారణతో సంబంధం లేని పని అని ఎవరూ అడ్డు చెప్పలేదు. ఫాతూ ఆఫీసు ఒక్క సూచన పంపింది, ఉదయం చల్లగా ఉన్నప్పుడు, ఆరుబయట, ఎవరైనా లేచి వెళ్లిపోగలిగే చోట పెట్టమని.

తేదీ అప్పీలు గడువును బట్టి వచ్చింది. రోహిణి కార్తె. అక్క పోయిన కార్తె అని నేను కోరలేదు, అలా కలిసొచ్చింది.

నమోదు 10. రోహిణి కార్తె

రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు. ఈ రోజు నేను చేసింది చేసినట్టు రాస్తాను.

చదవడం ఉదయం మొదలవ్వాలి. చదివే అధికారి దారిలో ఉన్నాడని చెప్పి ఆలస్యం చేయించాను. అతన్ని ఏటి రేవు దగ్గర ఆపించింది నేనే. ఎండ ముదిరింది. షామియానా కింద ఉండలేక జనం చలువింట్లోకి దిగారు. మార్తాండరావు కూడా దిగాడు, ఇంకేం చేస్తాడు. ఆయన దిగాక ఆయన కారును మాచర్ల తిప్పి పంపేశాను. అప్పుడు అధికారిని రమ్మన్నాను. తలుపుకు ఇప్పుడు పిడి ఉంది, ఎవరైనా తిప్పుకుని బయటికి పోవచ్చు. పోతే ఎదురుగా నడినెత్తి ఎండ, అంతే. అందులో మనిషి ఊరు దాటడు.

నివేదిక తెలుగులో చదివారు. చచ్చిపోయినవాళ్ల పేర్లు వచ్చినప్పుడు వాళ్లవాళ్లు చెయ్యెత్తారు. ఎవరూ తిట్టలేదు. మార్తాండరావు నడుమ కూర్చున్నాడు, శాలువా లేకుండా. చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఒకసారి లేచి తలుపు దాకా వెళ్లి పిడి తిప్పాడు. వెలుగూ వేడీ లోపలికొచ్చాయి. కారు లేదు. తలుపు మూసి తిరిగొచ్చి కూర్చున్నాడు. తిరపతమ్మ వెళ్లి ముంతతో మజ్జిగ ఇచ్చింది. సగం చొక్కా మీద ఒలకబోసుకున్నాడు.

రాయి సంగతి చదువుతున్నప్పుడు నేను నేల చూశాను. తల ఎత్తేసరికి బావ తన మూల నుంచి లేచి జనం మధ్యకు వచ్చాడు. ఇన్నేళ్లలో ఆయన అక్కడిదాకా రావడం అదే మొదలు. జరిగి చోటిచ్చారు.

"రాయి తీసింది నిజం," అన్నాడు మార్తాండరావుతో. "మా తప్పు మేం చెప్పుకున్నాం. ఒక్కటడుగుతా. నా భార్య నిద్రపోయిందని నీకెవురు చెప్పారు?"

 బావ కూర్చోలేదు. ఎక్కడో చంటిపిల్ల కేరుమంటే తల్లి నోట్లో రొమ్ము పెట్టింది. అందరూ ఎదురుచూశారు. వాళ్లకు వెళ్లాల్సిన చోటేమీ లేదు, పొద్దువాలేదాకా అక్కడే.

"ఎవరూ చెప్పలేదు," అన్నాడు చివరికి. "నేనే రాశాను. ఆవిడ ఎలాగూ లేదు కదా అని."

ఆ మాట వినడానికి నేను ఏడేళ్లు బతికాను. విన్నప్పుడు దుఃఖం రాలేదు. హాయిగా అనిపించింది. పోయిన ముప్పైమంది చుట్టాల మధ్య ఆయన ముడుచుకుపోయి కూర్చుంటే, పొద్దు వాలకూడదని కోరుకున్నాను. సాయంత్రం పైకొచ్చాక ఆయన అందరికంటే వెనకగా మెట్లెక్కాడు. రెండుసార్లు ఆగి గోడ పట్టుకున్నాడు. నేను సాయం పట్టలేదు.

బావ చాప రేపటి నుంచి మూలన ఉండదనుకుంటాను. దాన్ని తిరపతమ్మే చుట్టి చంకలో పెట్టుకుంది.

నమోదు 11. ఆరుద్ర కార్తె

వాన పడింది. నా మీద నివేదిక కూడా వచ్చింది.

ఫాతూ ఆఫీసు చెప్పాపెట్టకుండా వచ్చి అందరినీ అడిగిందట. అధికారిని ఆపించిన సంగతి, కారు పంపేసిన సంగతి బయటపడ్డాయి. దాచిపెట్టాలని నేనూ ప్రయత్నించలేదు. తేల్చినదేమిటంటే, కట్టా ఎస్తేరురాణి తనకప్పగించిన పనిని పగ తీర్చుకోవడానికి వాడుకుంది. లేచి వెళ్లే వీలులేని మనిషి చెప్పిన మాటను ఒప్పుకోలుగా తీసుకోవడానికి వీల్లేదు. మార్తాండరావు ఆ రోజు అన్నది లెక్కలోకి రాదు. నేను ఇకమీదట మూల్యాంకనంలో గానీ విచారణలో గానీ ఏ పనీ చెయ్యకూడదు.

లెక్కలోకి రాదు. ఊరంతా చెవులారా విన్నది లెక్కలోకి రాదు. కాగితం విసిరికొట్టాను. ఆయన అప్పీలును ఎలాగూ కొట్టేశారు, ఒప్పుకోలు అవసరం లేకుండానే, రాతలో ఉన్న తప్పుల మీదే. నా మాట వల్లే ఆ కుర్చీ ఎక్కినా ఫాతూ నన్నేమీ దయ తలచలేదు.

మార్తాండరావు స్థానంలో కొత్త సంచాలకురాలు వచ్చింది. విజయవాడ మనిషి, చురుకైనది. సామాను సర్దుకుంటుంటే నా గదిలోకి వచ్చి, ఆ ఆఫీసువాళ్లతో కాస్త ముందుగా మాట్లాడుకునే దారేమైనా ఉందా అని మెల్లగా అడిగింది. లేదన్నాను. కనీసం ఎప్పుడొస్తారో తెలుస్తుందా అంది. తెలియదన్నాను.  ఆ సాయంత్రమే ఎర్రబోడు తలుపు పిడి తనే వెళ్లి తిప్పి చూసుకుందని తర్వాత విన్నాను.

గుండ్లమడుగు చేరేసరికి బావ పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు కాలుస్తున్నాడు. నా మీద రాసింది చదివి వినిపించాను, ఒక్క ముక్క వదలకుండా.  బావ రొట్టె తిప్పడం మరిచిపోయి విన్నాడు. అది మాడింది.

"నిన్ను గూడా వదల్లా," అన్నాడు.

వదల్లేదన్నాను.

"అయితే రేపు ఆ కొత్తామెనూ వదలదు. ఆమె తరవాతోణ్ణీ వదలదు."

"వదలదు బావా."

బావ నవ్వాడు. అక్క పోయాక ఆయన నవ్వడం నేను చూడలేదు. పొగకు దగ్గు వచ్చింది, దగ్గుతూనే నవ్వాడు. నాకు నవ్వు రాలేదు గానీ, విసిరికొట్టిన కాగితాన్ని సాపు చేసి ఇంతదూరం ఎందుకు మోసుకొచ్చానో అప్పుడు తెలిసింది. ఎవరినీ వదలని కుర్చీ ఒకటి వచ్చిందని బావకు చూపించడానికే. మాడిన రొట్టె నేను తీసుకుని, మంచిది ఆయన పళ్లెంలో వేశాను.